పక్కులు రాలేదాకా

ఉమ్ సిద్రా
1971 మే 14

నా చెల్లెలి కడుపున పుట్టి, నా ఒళ్లో పెరిగిన బుష్రాకు నీ పెద్దమ్మ సిత్తన్నఫర్ చెప్పి రాయిస్తున్నది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నీ కాళ్లకు దారి దుమ్ము తప్ప మరేదీ అంటకూడదు.

రాస్తున్నది బడి నడిపే ఫకీ ఇద్రీస్. ఆయన కంచెకు అవతల చాప వేసుకుని కూర్చున్నాడు, నేను ఇవతల నిలబడి అరుస్తున్నాను. కాబట్టి ఈ ఉత్తరం నీకంటే ముందు ఊరికి చేరుతుంది. చేరనీ. దాచుకోవలసిన మాట నాకేముంది?

ఏం కంచె అంటావా? నా ఇంటి చుట్టూ మీ టీకాలవాళ్లు ముళ్లకంప వేశారు. గొర్రెలకు వేస్తారే, అట్లా. గుమ్మం దగ్గర బాబికిర్‌ను కాపలా పెట్టారు. వాడి బొడ్డు కోసింది నేను. "అవ్వా, లోపలికి పో" అని ఈవేళ వాడు నన్ను కసురుతున్నాడు. "ఒరేయ్, నువ్వు బయటికి రానని మారాం చేసిన రోజు నిన్ను లాగింది ఈ చేతులేరా" అన్నాను. రేడియో శబ్దం పెంచాడు.

నా వాదన చెబుతాను, విను. లారీ మీద పనిచేసే నూరుద్దాయిమ్ తూర్పు నుంచి జ్వరంతో దిగాడు. అందరూ మలేరియా అన్నారు. ఒంటి మీద పొక్కులు లేచేసరికి ఊపిరి పోయింది. ఏడుపు ఇంటికి నాలుగు ఊళ్ల ఆడవాళ్లు వచ్చారు, అక్కడే పడుకున్నారు, అక్కడే సంకటి తిన్నారు. తర్వాత వాడి కొడుకు మక్కీకి లేచింది. వాడి తల్లి తోమా వయసులో చిన్నది, వణికిపోతున్నది. పిల్లవాణ్ణి నా ఇంటికి తెచ్చుకున్నది నేనే. నా మొహం మీది నాలుగు మచ్చలు చూశావుగా, చిన్నప్పుడే మశూచి నా మీద నడిచి పోయింది. మళ్లీ నా జోలికి రాదు. ఎవరూ ముట్టని పిల్లవాణ్ణి నేను ముట్టినందుకు ఊరు ఏమంటున్నదో తెలుసా? జబ్బును నేనే ఇల్లిల్లూ తిప్పానట! సంబరానికీ శవానికీ ముందుండేది సిత్తన్నఫరే కదా అని.

ఈ ఊళ్లో ఏ ఆడది చనిపోయినా రేగాకుల నీళ్లతో స్నానం చేయించి సాగనంపేది నేను. నన్ను కట్టేస్తే ఎవరు చేస్తారు? నువ్వు ఆ మశూచి వాళ్ల దగ్గరే కొలువులో ఉన్నావు. పైవాళ్లతో చెప్పి కంప తీయించు. మా పెద్దమ్మ దొంగ కాదు అని చెప్పు.

పడమట మబ్బు కనిపించింది. నా పిల్ల హాష్మియా అత్తవారు ఈపాటికి పశువులను తోలుకుని నది ఒడ్డు వదిలి ఉంటారు. దాని కబురేమైనా తెలిస్తే రాయి.

నీ కడుపు నిండుగా ఉండాలని కోరుతూ,
నీ పెద్దమ్మ

*

కోస్తీ
మే 20

నా తల్లి తర్వాత తల్లి అయిన పెద్దమ్మకు బుష్రా సలాం.

నీ ఉత్తరం చదువుతుంటే నీ గొంతు ఇక్కడిదాకా వినిపించింది. పక్కన ఉన్న డ్రైవరు "మీ ఇంట్లో ఎవరైనా పోట్లాడుతున్నారా?" అని అడిగాడు. అక్షరం చూసే గుర్తుపట్టాడు, ఫకీ కలం కాగితం చించేసింది మరి.

పెద్దమ్మా, కంచె నిన్ను దొంగను చేయడానికి కాదు. మక్కీ ఒంటి మీద చివరి పక్కు రాలిపోయేదాకా ఆ జబ్బు వాడి నుంచి ఇంకొకరికి దూకగలదు. దానికి కాళ్లు లేవు, మన కాళ్ల మీదే నడుస్తుంది. ఎవరి కాళ్ల మీద ఎటు వెళ్లిందో కనిపెట్టి, అది చేరకముందే అక్కడివాళ్లందరికీ టీకా వేయడం, అంతే మా పని. ఊరివాళ్ల మాటలు పట్టించుకోకు. నీ మీద నేరం ఎవరూ మోపలేదు. కానీ కంచె ఉండాలి.

నాకు కావలసింది ఒక్కటే. ఏడుపు ఇంటికి ఎవరెవరు వచ్చారు? కంచె వేయకముందు ఊరు దాటి వెళ్లింది ఎవరు? ఎవరూ వెళ్లలేదని బాబికిర్‌తో అన్నావట. నలుగురు ఆడవాళ్లు కూడిన చోట ఎవరు వచ్చారో ఎవరు పోయారో నీకు తెలియకుండా ఉంటుందా? ఒక్క మనిషి తప్పిపోతే ఒక ఊరు తప్పిపోతుంది.

హాష్మియా కబురు నాకూ లేదు. పండగప్పుడు వాళ్ల గుడారాలకు వెళ్లాను. అందరికీ టీకా వేశాను, దానికి తప్ప. రెండు మొనల సూది చూడగానే గొర్రెల మందలో దూరింది. ఎంత వెతికినా గొర్రెలే చేతికి చిక్కాయి. "అన్నా, వచ్చే పండక్కి చూద్దాంలే" అని అటునుంచి నవ్వింది. దాని పాప రవ్దాకు జలుబుగా ఉందని దానికీ వేయలేదు. ఈసారి ఇద్దరినీ వదలను.

పేర్లు పంపు, పెద్దమ్మా. త్వరగా.

నీ చేతి జొన్నరొట్టె తలుచుకుంటూ,
బుష్రా

*

ఉమ్ సిద్రా
మే 26

బుష్రాకు.

నువ్వు పంపింది ఉత్తరమా, సమన్లా? "ఎవరు వచ్చారు, ఎవరు పోయారు" అని పోలీసు నోటితో అడుగుతున్నావు. చనిపోయినవాడి గుమ్మంలో కన్నీరు కార్చడానికి వచ్చినవాళ్లను నేను పట్టివ్వాలా? వద్ జిన్నా ఊళ్లో మీవాళ్లు నులక మంచాలు తగలబెట్టారనీ, గుడారాలు కూల్చారనీ, ఏడుస్తున్న ముసలమ్మను బండెక్కించి తీసుకుపోయారనీ ఇక్కడ చెప్పుకుంటున్నారు. నేను పేరు చెప్పిన ఇంటి మీదికి నీ బండి వచ్చి ఆగితే, రేపు ఏ ముఖంతో వాళ్ల గుమ్మం తొక్కుతాను?

అయినా నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. గోజ్ సలీం నుంచి నూరుద్దాయిమ్ అక్కలు వచ్చారు. అటు తూర్పున నూనె గానుగ వాళ్ల ఇంటి ఆడవాళ్లు వచ్చారు, వచ్చి ఏడ్చినదానికంటే తిన్నది ఎక్కువ. వాళ్ల దగ్గరికి పో. మంచాలు మాత్రం ముట్టకు. నా ఇంట్లోంచి ఊరు దాటింది ఎవరూ లేరు. ఇంకొకసారి అడగకు.

కంచె సంగతి. నిన్న అవతలి వీధిలో కాన్పు వచ్చి పిలిచారు. నొప్పులు పడుతున్న పిల్ల నా పేరు పెట్టి అరుస్తుంటే ఇక్కడికి వినిపిస్తున్నది. బాబికిర్ కదలనివ్వలేదు. కంచె మీది నుంచే ఇలా పట్టుకో, అలా తిప్పు అని కేకలేశాను. బిడ్డ పుట్టింది. పిల్లకు నా పేరు పెట్టారట. అదీ నా గొంతు!

మక్కీ బాగున్నాడు. పొక్కులు నల్లబడి పక్కులు కడుతున్నాయి. బెండకాయ పులుసు కావాలని మారాం చేస్తున్నాడు. మారాం చేసే పిల్లవాడు బతుకుతాడు. తోమా కంచె అవతలికి వచ్చి కొడుకును చూసుకుని పోతున్నది. తోమాకూ నాకూ మధ్య ఒక మాట ఉన్నది. పక్కులు రాలేదాకా అది బయట పెట్టేది కాదు. ఆడవాళ్ల సంగతి, నీకు అనవసరం. ఆ మాట నిలబడితే నీ సూదులకు కూడా కళ్లు తెరుచుకుంటాయి.

హాష్మియా కబురు తెలిస్తే రాయమన్నాను. గొర్రెల కథ రాశావు.

నీ పెద్దమ్మ

(ఇది ఇద్రీస్ రాస్తున్నాడు. బాబూ, ఆమె నీ ఉత్తరాన్ని రోజూ నాచేత చదివించుకుంటున్నది. హాష్మియా పేరు వచ్చినచోట ఆపమంటున్నది. ఎందుకో నాకు తెలియదు.)

*

కోస్తీ
జూన్ 4

పెద్దమ్మకు బుష్రా సలాం.

గోజ్ సలీం వెళ్లాను. గానుగవాళ్ల ఊరు వెళ్లాను. అక్కడి నుంచి వాళ్లు వెళ్లిన చోట్లకూ వెళ్లాను. బండి ఇసుకలో దిగబడితే ఇంజను మీద టీ కాచుకుని తాగాం. ఇల్లిల్లూ చూశాం, ప్రతి పిల్లవాడి అరచేయి తిప్పి చూశాం. ఒక్క పొక్కు లేదు. సంతోషించాలి కదా? మా డాక్టరు సంతోషించలేదు. "ఇంత జనం కూడిన ఏడుపు ఇంట్లోంచి ఏమీ బయటికి పోలేదంటే నమ్మను. మనం తప్పు దారిలో వెతుకుతున్నాం" అన్నాడు. నాకూ అలాగే అనిపిస్తోంది.

వద్ జిన్నాలో కాల్చింది జబ్బుపడ్డవాళ్ల పక్కబట్టలు మాత్రమే. బదులు కొత్త దుప్పట్లు ఇచ్చాం. ఆ ముసలమ్మ బండి ఎక్కింది నిజమే. మార్కెట్లో దింపమని తనే ఎక్కింది.

తోమాకూ నీకూ మధ్య మాట అంటే నాకు అర్థం కాదనుకున్నావా? పాపం, ఫకీ ఇద్రీస్ భార్య పోయి ఏడాది దాటింది. అయినా పెద్దమ్మా, తోమా భర్త పోయి ఇంకా ఎంతోకాలం కాలేదు, సంతాప గడువైనా తీరనివ్వు. ఇప్పటినుంచే సంబంధం మాట్లాడితే ఊరు ఇంకో మాట అంటుంది. పక్కులు రాలాక చూద్దాంలే.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న రేవు దగ్గర ఒక గొర్రెల కాపరి చెప్పాడు. పడమటి మైదానంలో మబ్బు వెంట పోతున్న ఒక గుడారాల గుంపులో ఎవరో ఆడమనిషి జబ్బుపడిందట. ముఖం కప్పుకుని ఉందట, దగ్గరికి ఎవరూ పోవడం లేదట. ఏ తెగవాళ్లో వాడికి తెలియదు. మేం వెళ్లేసరికి గుడారాల గుంటలే మిగిలాయి. వాన వాటిని కూడా చెరిపేస్తోంది. పడమటి దారులు నీకు తెలిసినంత మాకు తెలియవు. ఈ కాలంలో అటు వెళ్లేది ఎవరి పశువులు? తెలిస్తే రాయి.

బుష్రా

*

ఉమ్ సిద్రా
జూన్ 8

బుష్రా, చదువుతూనే బండి ఎక్కు.

అది హాష్మియా. మనిషిని చూడకుండానే చెబుతున్నాను, అది హాష్మియా.

అది ఏడుపు ఇంటికి వచ్చింది. రవ్దాను చంకన వేసుకుని, భర్త దఫల్లాను గొర్రెల దగ్గర వదిలి వచ్చింది. మక్కీ ఒళ్లు చూసి పాప కోసం భయపడి నా కాళ్ల దగ్గర కూర్చున్నది. "అమ్మా, నీకు మీ అమ్మమ్మ చేసిందే నా బిడ్డకూ చెయ్యి" అన్నది. చేశాను. తోమా దగ్గర మశూచిని కొన్నాను. ఆమె ఎక్కువ అడిగింది, నేను తగ్గించమన్నాను, బేరం ఆడాం, దోసెడు ఖర్జూరాలకు ఒప్పుకున్నది. మక్కీ చేతికి కట్టిన నూలుగుడ్డ విప్పి, రవ్దా చేతి మీద ముల్లుతో చిన్న గీత గీసి, అదే గుడ్డ కట్టాను. మన ఆడవాళ్లు ఎప్పుడూ చేసింది ఇదే. కొన్న జబ్బు మెత్తగా వస్తుంది, నాలుగు పొక్కులు వేసి పోతుంది, మళ్లీ జన్మలో రాదు. నన్ను బతికించింది అదే.

కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ పక్కులు రాలేదాకా నోరు విప్పకూడదు. విప్పితే బేరం తిరగబడుతుంది, మెత్తగా వచ్చింది బిడ్డ మీద మొరటుగా విరుచుకుపడుతుంది. అదిరా నా మాట! సంబంధమూ కాదు, నీ తలకాయా కాదు. దాని గుడారం తగలబెడతారన్న భయం కూడా ఉన్నది. ఆ రెండింటి మధ్యా నేను నోరు కుట్టుకున్నాను. మర్నాడే హాష్మియాను పంపేశాను. తర్వాతే మీవాళ్లు కంచె వేశారు.

బిడ్డకు కొన్నాను కానీ తల్లికి కొనలేదు. పెద్దవాళ్లకు కొనడం మాలో లేదు. బిడ్డ ఒంటి మీది మెత్తటి జబ్బు తల్లి మీదికి మొరటుగా దూకుతుందని నాకెవరూ చెప్పలేదు. నా అమ్మమ్మ చెప్పలేదు. నువ్వు చెప్పావు, దూకుతుందని రాశావు. మక్కీని గురించి రాశావనుకున్నాను.

దారి విను. ఎర్ర దిబ్బ దాటగానే రెండు బావులు వస్తాయి. ఉప్పు బావి దగ్గర వాళ్లు ఆగరు, పశువులు ముట్టవు. తీపి బావి నుంచి ఎడమకు తిరిగితే తుమ్మల వరస, దాని చివర వాన నీరు నిలిచే పల్లం. దఫల్లా తాత కాలం నుంచీ మొదటి వానకు వాళ్ల గుడారాలు అక్కడే. అక్కడికే పో. సూది చూసి పారిపోతే, "అమ్మ చెయ్యి చాపమన్నది" అని చెప్పు. నా మాట కాదనదు.

ఈ ఉత్తరం తపాలాకు ఇవ్వడం లేదు. బాబికిర్ పట్టుకుని లారీ ఎక్కుతున్నాడు. "నేను పోతే కాపలా ఎవరు అవ్వా?" అన్నాడు. గుమ్మంలో నేను కూర్చున్నాను. ఒక పిల్లి కూడా దాటదు.

*

తీపి బావి దగ్గర
జూన్ 17

పెద్దమ్మా,

ఈ ఉత్తరాన్ని ఫకీ ఇద్రీస్ నీకు చదివేముందు తోమాను పిలిపించి నీ పక్కన కూర్చోబెట్టమని ఆయనకు వేరే కాగితం రాశాను. ఆమెకు టీకా పడింది, లోపలికి రానివ్వవచ్చు. ఆమె వచ్చిందనుకునే రాస్తున్నాను.

నువ్వు చెప్పిన పల్లంలోనే ఉన్నారు. ఎడమకు తిరిగి, తుమ్మల వరస చివర. నీ మాట పొల్లుపోలేదు. కానీ మేం వెళ్లేసరికి హాష్మియాను మట్టి చేశారు.

రవ్దా బాగుంది. ఒంటి మీద వేళ్లతో లెక్కపెట్టగలిగినన్ని మచ్చలు, అంతే. కొన్నది కొన్నట్టే వచ్చింది. పాపకు తగ్గుముఖం పట్టాకే తల్లికి జ్వరం వచ్చిందట. చివరిదాకా దఫల్లా తప్ప ఎవరూ గుడారంలోకి వెళ్లలేదు. అతనికి నేను పండగప్పుడు టీకా వేశాను, అది కాపాడింది. జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని ఎంత అడిగినా హాష్మియా చెప్పలేదట. "పక్కులు రాలేదాకా చెప్పకూడదు, అమ్మ ఊరుకోదు" అన్నదట.

నువ్వు అడుగుతావు, అడగకముందే చెబుతున్నాను. స్నానం చేయించలేదు. ముట్టుకోవడానికి ఆడవాళ్లెవరూ రాలేదు. నీళ్లకు బదులు దఫల్లానే ఇసుక చేతులకు రాసుకుని ఆమె ముఖమూ చేతులూ తుడిచి, ఆమె కట్టుకునే తోబ్ గుడ్డలోనే చుట్టి, తనే మోశాడు. తల దక్షిణపు దిక్కున ఉందా, ముఖం మక్కా వైపు తిరిగిందా అని చూసి వచ్చాను. సరిగానే ఉంది.

గుంపులో మిగిలిన కొత్త కోడళ్లకూ పసిపిల్లలకూ టీకా వేశాం. పండగప్పుడు గుడారాల్లో లేని ఒక ముసలాయనకూ ఒక పిల్లకూ పొక్కులు లేచాయి, వాళ్లను వేరుగా పెట్టాం. గుడారాలు కాల్చలేదు.

ఇంకొక మాట. నీ ఇంటి చుట్టూ కంచె వేయమని అడిగింది నేనే. మక్కీని నువ్వు తెచ్చుకున్నావని తెలియగానే మా డాక్టరుకు నేనే చెప్పాను. తీయించమని నువ్వు నన్నే అడుగుతుంటే ఆ మాట రాయలేకపోయాను. కంచె లేకపోతే నువ్వు ఏదో వంకన హాష్మియా దగ్గరికి వెళ్లి ఉండేదానివి. దాని ఒళ్లు ముట్టగలిగిన ఆడమనిషి ఈ జిల్లాలో నువ్వొక్కదానివే. నీళ్లయినా పోసి ఉండేదానివి. ఇది నన్ను నిలవనివ్వడం లేదు. నీ మాటను సంబంధం అనుకుని నవ్వాను, అది కూడా.

రవ్దా మేకపాలు తాగుతోంది. బండి హారను కొడితే నవ్వుతోంది. దాన్ని నీ దగ్గరికి పంపుతానని దఫల్లా అంటున్నాడు. చేతుల మీద, మడమల మీద ఇంకా పక్కులు ఉన్నాయి. కొలువు మనిషిగా తీసుకురాకూడదు. నీ కొడుకుగా రేపే తీసుకురావాలని ఉంది. ఏం చేయమంటావో చెప్పు, అదే చేస్తాను.

బుష్రా

*

ఉమ్ సిద్రా
జూన్ 23

నా బిడ్డను వెతికి వెళ్లిన నా బిడ్డకు.

ఫకీ ఇద్రీస్ చదివాడు. మధ్యలో ఆయనే ఆగిపోయాడు. చదవండి అని నేనే గద్దించాను. తోమా నా చెయ్యి పట్టుకుని ఉన్నది. నాకు అమ్మిన చెయ్యే అది. దాని మీద నాకు కోపం లేదు. దాని సరుకు మంచిదే.

ముందు ఉత్తరాల్లో నా వాదన వినమన్నాను. ఇప్పుడు కూడా వాదన ఉన్నది, కానీ ఊరి మీద కాదు. కంచె దగ్గరికి ఆడవాళ్లందరినీ పిలిచి, మొహం కప్పుకోకుండా నిలబడి చెప్పాను. రవ్దాకు కొన్నాను, హాష్మియాను అది తీసుకుపోయింది, పిల్ల బతికింది, పిల్లను మోసింది పోయింది అని చెప్పాను. మీలో ఎవరెవరు కొన్నారో, ఎక్కడికి పంపారో ఇప్పుడే ఇక్కడే చెప్పండి, పక్కులు రాలేదాకా ఆగొద్దు అన్నాను. మన ఊళ్లో పుట్టింటికి వచ్చి ఉన్న గానుగవాళ్ల కోడలు ఏడుస్తూ ముందుకు వచ్చింది. దాని చెల్లెలు ఒకతె మక్కీ చేతి గుడ్డ పట్టుకుపోయిందట. ఊరి పేరు ఇద్రీస్ వేరే కాగితంలో రాశాడు. బాబికిర్ అప్పుడే బయలుదేరాడు. నీవాళ్లను అక్కడికి పంపు.

స్నానం సంగతి. హాష్మియా పోయేటప్పుడు ఒక పాత తోబ్ మరిచిపోయింది, నీలి అంచుది. రేగాకులు వేసి నీళ్లు కాచాను. నులక మంచం మీద ఆ తోబ్ పరిచి, ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, దాని ఒళ్లు కడిగినట్టే కడిగాను. తోమా నీళ్లు పోసింది. చివరి నీళ్లలో కర్పూరం వేశాను. ఇద్రీస్‌కు చెబితే ఇది లెక్కలోకి రాదన్నాడు. నేను ఆయన్ను అడగలేదు, చెప్పాను. దఫల్లాకు నా మాటగా చెప్పు, ఇసుకతో తుడిచింది చెల్లుతుంది, అతని చేతులు చల్లగా ఉండాలి.

కంచె నువ్వే వేయించావని రాశావు. నాకు ముందే తెలుసు. బాబికిర్ నోట్లో నువ్వుగింజ నానదు. నా నోటితో తీయించమని అడుగుతుంటే నీ నోటితో ఎప్పుడు చెబుతావో చూద్దామనుకున్నాను. మనిద్దరం ఒకే మాదిరి, చెప్పవలసింది చివరిదాకా దాచుకున్నాం. నీ తల్లి ఇలా ఉండేది కాదు. నా పెంపకం.

మక్కీ మడమ మీది చివరి పక్కు నిన్న రాలింది. మీ మనిషి వచ్చి కంప తీస్తానన్నాడు. వద్దన్నాను. గానుగవాళ్ల కోడలి చిన్నదానికి ఒళ్లు వెచ్చగా ఉన్నది, రాత్రికి నా దగ్గరే పడుకోబెడతాను. తుమ్మకంప ఎక్కడ పలచబడిందో నేనే చూసి కొత్తది కుట్టాను. గడియ లోపలి నుంచి వేసుకున్నాను.

ఇక రవ్దా. తీసుకురాకు. దాని ఒంటి మీద చివరి పక్కు రాలి, గుంపులో మిగిలినవాళ్లవి కూడా రాలేదాకా ఒక్క పూట ముందు కూడా తీసుకురాకు. రేపో మర్నాడో నీకు ఇంకో ఉత్తరం వస్తుంది. వెంటనే తెచ్చెయ్యమని, ఒక్కసారి చూపించి తీసుకుపొమ్మని, నేను చచ్చిపోతున్నానని కూడా అందులో ఉంటుంది. ఇద్రీస్ నేను చెప్పింది చెప్పినట్టు రాస్తాడు, నా ఏడుపూ రాస్తాడు. చదువు, మడిచి జేబులో పెట్టుకో, వినకు.

దానికి నిద్రలో మోచెయ్యి గోక్కునే అలవాటు ఉన్నది. వాళ్లమ్మదీ అదే అలవాటు. గోకనివ్వకు, మచ్చ పడుతుంది. చేతికి మెత్తటి గుడ్డ కట్టు. కొత్త గుడ్డ కట్టు, బుష్రా, ఎవరూ కట్టుకోనిది.

సిత్తన్నఫర్
హాష్మియా తల్లి